తెల్లపొడి వచ్చింది సరే, అదేమిటో తేల్చుకో

చి. మేనకోడలికి,

ఆశీస్సులు. పీహెచ్‌డీలో చేరీ చేరగానే గైడ్ నీకు మాఫ్‌ల (లోహపు గుత్తుల్ని కర్బన కడ్డీలతో కలిపి కట్టిన, రంధ్రాలున్న చట్రాల) పని అప్పగించారనీ, ముందు వాటిలో జిర్కోనియంతో చేసే యూఐఓ-66 చేసి చూపించమన్నారనీ రాశావు. మంచి చోటే మొదలుపెట్టించారు. 2025 అక్టోబరు 8న సుసుము కితగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు రసాయనశాస్త్ర నోబెల్ ప్రకటించినప్పటి నుంచి ఈ లోహ-కర్బన చట్రాల మాట ఎత్తని సెమినార్ లేదు. రాబ్సన్ 1974లో పాఠం చెప్పడానికి చెక్క బంతులకు బెజ్జాలు వేయించడం, 1989లో రాగి అయాన్లతో వజ్రం అల్లికలాంటి చట్రం కట్టడం, 1997లో కితగావా అలాంటి ఖాళీల్లోకి వాయువుల్ని ఎక్కించి దించడం, 1999లో యాఘీ ఎంఓఎఫ్-5, ఇవన్నీ నీకు ఎలాగూ వినబడతాయి. సీసా దగ్గర నిలబడ్డప్పుడు పనికొచ్చేవి మాత్రం నేను రాస్తాను.

ఈ పనిలో తయారీకి ఒక రాత్రి చాలు. తయారైందేమిటో తేల్చడానికి రెండు వారాలు పడుతుంది. చాలామంది ఈ లెక్కను తలకిందులుగా వేసుకుంటారు. పలు ల్యాబులు కలిసి పీసీఎన్-222 అనే జిర్కోనియం-పోర్ఫిరిన్ చట్రాన్ని చేసి పోల్చుకుంటే, పది నమూనాల్లో ఒక్కటే కల్తీ లేకుండా సరైన నిర్మాణంతో వచ్చింది. దాని తోబుట్టువు పీసీఎన్-224లో మూడు. వాళ్ళంతా చేయి తిరిగినవాళ్ళే. కాబట్టి మొదటి బ్యాచ్ పాడైతే బెంగపడకు. మొదటి బ్యాచే అద్భుతంగా వచ్చిందనిపిస్తే మాత్రం కాస్త అనుమానించు.

ఇక కొలతలు. జిర్కోనియం టెట్రాక్లోరైడ్ 125 మి.గ్రా., డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావణి) 5 మి.లీ., గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 1 మి.లీ. కలిపి 20 నిమిషాలు సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో కదిలించే తొట్టిలో) పెట్టు. టెరెఫ్తాలిక్ ఆమ్లం (లోహపు గుత్తుల్ని కలిపే కడ్డీ, అంటే లింకర్) 123 మి.గ్రా., డీఎంఎఫ్ 10 మి.లీ. చేర్చి ఇంకో 20 నిమిషాలు. మూత బిగించి 80 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచు. మొత్తం 16 మి.లీ. అవుతుంది కాబట్టి 30 మి.లీ. వయల్ తీసుకో. 20 మి.లీ. వయల్‌లో ఇరికిస్తే పైన ఆవిరికి చోటుండదు. మూత లోపల టెఫ్లాన్ పొర ఉండాలి. రేకు మూత అయితే ఆ ఆమ్లపు ఆవిరికి తుప్పుపట్టి ఇనుము నీ పొడిలోకి దిగుతుంది, అప్పుడు తెల్లగా రావలసింది లేత పసుపులో వస్తుంది.

అసలు చిక్కు మొదటి తూకంలోనే ఉంది. టెట్రాక్లోరైడ్ గాలిలో తేమ తగలగానే పొగలు కక్కుతుంది. జూలై, ఆగస్టుల్లో, అందులోనూ విశాఖలాంటి సముద్రపు గాలి ఉన్న చోట, బట్టర్ పేపర్ మీద తూస్తుండగానే అంకె కదిలిపోతూ ఉంటుంది. సీసాలో పొడి ఇసుకలా జారుతుంటే మంచిదే. గడ్డలు కట్టి, మూత చుట్టూ తెల్లటి పెచ్చు కనిపిస్తే ఆ సీసాలో సగం ఎప్పుడో ఆక్సీక్లోరైడ్ అయిపోయిందని అర్థం. అప్పుడు 125 మి.గ్రా. తూచినా నీకందే జిర్కోనియం తక్కువ. తేమ వల్ల చర్యే చెడిపోతుందని కొందరు భయపడతారు కానీ ఈ పద్ధతిలో అది పెద్ద విషయం కాదు. ఆ ఒక్క మి.లీ. గాఢ ఆమ్లంతోనే ముప్పావు గ్రాము నీళ్ళు ఎలాగూ లోపలికి వెళ్తున్నాయి, పైగా జిర్కోనియం గుత్తిలోని ఆక్సిజన్లకు నీళ్ళు కావాలి కూడా. తప్పేది తూకం. అందుకే సీసా బాగాలేకపోతే జిర్కోనిల్ క్లోరైడ్ ఆక్టాహైడ్రేట్‌కి మారిపో. అదే మోల్ లెక్కకు 173 మి.గ్రా. పడుతుంది, ధర తక్కువ, గాలికి బెదరదు. మారావని నోట్‌బుక్‌లో మాత్రం రాసుకో, స్ఫటికాల పరిమాణం మారవచ్చు.

టెట్రాక్లోరైడ్ మీద డీఎంఎఫ్ పోసేటప్పుడు బుసకొడుతుంది. ఫ్యూమ్ హుడ్‌లో, కొద్దికొద్దిగా పోయి. డీఎంఎఫ్ పల్చటి నైట్రైల్ గ్లోవ్స్‌లోంచి నిమిషాల్లో చర్మానికి చేరుతుంది, చుక్క పడితే వెంటనే గ్లోవ్ మార్చు. ఇది పునరుత్పత్తి వ్యవస్థకు హాని చేసే ద్రావణి. 2023 డిసెంబరు నుంచి యూరప్‌లో దీని వాడకం మీద ఆంక్షలున్నది అందుకే. 'మా సీనియర్లు ఉత్త చేతులతోనే చేసేవారు' అనే మాట వినబడుతుంది. వినీ విననట్టు ఊరుకో.

పాత డీఎంఎఫ్ సీసా ఇంకో దొంగ. నిల్వ ఉన్నకొద్దీ అది విడిపోయి డైమిథైల్ అమీన్ వదులుతుంది. తడిపిన పీహెచ్ పేపర్ ముక్క సీసా మూతి దగ్గర పట్టుకో. నీలానికి తిరిగితే ఆ సీసా వద్దు. ఆ క్షారం లింకర్‌లోని ప్రోటాన్‌ని ముందే లాగేస్తుంది, లోహం ఎదురవగానే చర్య ఒక్క ఉదుటున జరిగిపోతుంది, అల్లుకునే తీరిక ఉండదు. స్ఫటికం కాని బురద మిగులుతుంది. మనం కలిపే ఆమ్లం చేసేది సరిగ్గా దీనికి ఎదురు పని. లింకర్ వెంటనే అతుక్కోకుండా ఆపుతుంది, తప్పుగా అతుక్కున్నది ఊడి మళ్ళీ సరిగా కూర్చునే వీలిస్తుంది.

ఓవెన్ ముందు అద్దం మీద కనిపించే 80ని నమ్మకు. లోపల ఒక బీకరులో నూనె పోసి థర్మామీటర్ ముంచి చూడు. వయల్‌ని అడుగు రేకుకు తగలనీయకు, మధ్య అరలో పెట్టు. పొద్దున్నే వయల్ తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, పలచని మజ్జిగలాంటి ద్రవం కింద తెల్లటి మెత్తని పొర పేరుకుని ఉండాలి. కుదిపితే పొగలా లేచి మెల్లగా దిగాలి. దిగకుండా గంజిలా సాగుతుంటే స్ఫటికాలు మరీ చిన్నవైపోయాయి. ఏమీ రాలేదంటే ఓవెన్ చల్లగా ఉంది, లేదా ఆమ్లం ఎక్కువైంది. చల్లారాక సూదుల్లాంటివి మెరిస్తే సంబరపడకు, అది మిగిలిపోయిన టెరెఫ్తాలిక్ ఆమ్లం.

కడగడంలో వరస ముఖ్యం. ముందు డీఎంఎఫ్‌తో మూడుసార్లు, ప్రతిసారీ రెండు గంటలైనా నాననివ్వు. తొందరపడి నేరుగా నీళ్ళతోనో మిథనాల్‌తోనో కడిగితే మిగులు లింకర్ కరగక రంధ్రాల్లోనే గడ్డకడుతుంది, ఆ తర్వాత ఎంత వేడిచేసినా బయటికి రాదు. ఆ పైన ఎసిటోన్‌తో మూడుసార్లు, రెండు రోజుల మీద. మిథనాల్ కూడా వాడతారు కానీ లింకర్ లేని చోట్ల అది మిథాక్సీగా అతుక్కుని తర్వాతి లెక్కల్ని కలగాపులగం చేస్తుంది. సెంట్రిఫ్యూజ్‌కి పాలీప్రొపిలీన్ ట్యూబులే వాడు. పాలీస్టైరీన్, పాలీకార్బొనేట్ డీఎంఎఫ్ ముందు నిలవవు. ఆఖరున 120 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్‌లో ఒక రాత్రి.

ఇప్పుడు తూచు. లింకర్లన్నీ ఉన్న చట్రమైతే 125 మి.గ్రా. టెట్రాక్లోరైడ్ నుంచి గరిష్ఠంగా రావలసింది 149 మి.గ్రా. దగ్గర. నీకు 200 వచ్చిందంటే దిగుబడి 134 శాతం కాదు తల్లీ, లోపల ద్రావణి ఉంది. మళ్ళీ ఆరబెట్టు.

పొడి మీద ఎక్స్‌రేలు పడేసి స్ఫటిక నిర్మాణం చూసే గ్రాఫ్ గురించి రెండు ముక్కలు చాలు. రాగి ఎక్స్‌రే గొట్టంతో అయితే 7.4, 8.5 డిగ్రీల దగ్గర రెండు పదునైన శిఖరాలు, 25.7 దగ్గర ఇంకోటి. 17.4 దగ్గర ఏదైనా తల ఎత్తితే టెరెఫ్తాలిక్ ఆమ్లం మిగిలి ఉంది. స్కాన్‌ని 5 నుంచి కాకుండా 3 నుంచి మొదలుపెట్టించు. 4 నుంచి 6 డిగ్రీల మధ్య వెడల్పాటి దిబ్బ కనిపిస్తే చట్రంలో ఏకంగా జిర్కోనియం గుత్తులే లేని ప్రాంతాలున్నాయని సూచన. సెంట్రల్ ఫెసిలిటీలో అలవాటుగా 5 నుంచి మొదలుపెడితే ఆ సంగతి నీకు ఎప్పటికీ తెలియదు. ఇంకొకటి, స్ఫటికం కాని చెత్త ఎక్స్‌రేకి కనబడదు. గ్రాఫ్ అందంగా ఉన్నంత మాత్రాన పొడి శుద్ధమైనదని అనుకోవద్దు.

నా లెక్కలో అసలు పరీక్ష టీజీఏ, అంటే పొడిని వేడిచేస్తూ బరువు ఎలా తగ్గుతుందో చూడడం. నైట్రోజన్‌లో కాకుండా గాలిలో చేయించు, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 800 వరకు. లింకర్ పూర్తిగా కాలిపోయి చివరికి జిర్కోనియం ఆక్సైడ్ మిగలాలి. క్రూసిబుల్‌లో మిగిలింది తెల్లగా ఉందో లేదో అడిగి తెలుసుకో, బూడిదరంగు ఉంటే కర్బనం మిగిలింది, లెక్క చెల్లదు. ఇప్పుడు ఆ చివరి బరువును 100 అనుకో. లోపం లేని చట్రమైతే, నీళ్ళూ ద్రావణీ పోయి లింకర్ కాలడం మొదలవకముందు, అంటే 400 డిగ్రీలకు కాస్త ముందున్న మెట్టు దగ్గర, బరువు 220.2 ఉండాలి. ఆరు లింకర్లు పంచుకునేది 120.2, ఒక్కోదానికి సుమారు 20. నీ మెట్టు 200 దగ్గర ఉంటే ఆరింట్లో ఒకటి లేదు, అయిదే ఉన్నాయి. 180 ఉంటే నాలుగే. ఒక కాగితం, ఒక పెన్ను చాలు. అయినా ఎన్నో పేపర్లలో ఈ గ్రాఫ్ వేసి '500 డిగ్రీల వరకు స్థిరంగా ఉంది' అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. గ్రాఫ్‌లో ఉన్న సమాచారమంతా పారబోసినట్టే కదా.

లేని లింకర్ చోట ఏం కూర్చుందో ఎన్ఎంఆర్ (ప్రోటాన్ల సంకేతాలతో అణువుల్ని గుర్తించే పరీక్ష) చెబుతుంది. 10 మి.గ్రా. పొడిని 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న 1 మి.లీ. భారజలంలో వేసి ఒక రోజు వదిలెయ్. జిర్కోనియం తెల్లగా అడుగుకు చేరుతుంది, లింకర్లు పైద్రవంలోకి వస్తాయి. దాన్నే ట్యూబులోకి తీసుకో. కొందరు ఈ పనికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతారు, నువ్వు దాని జోలికి పోకు. గ్రాఫ్‌లో 7.8 పీపీఎం దగ్గర నాలుగు ప్రోటాన్ల లింకర్, 8.4 దగ్గర ఒక ప్రోటాన్ ఫార్మేట్. ఇక్కడో మోసం ఉంది. కడగడంలో మిగిలిపోయిన డీఎంఎఫ్ కూడా క్షారంలో విరిగి ఫార్మేట్ ఇస్తుంది, 2.2 దగ్గర డైమిథైల్ అమీన్ ఇస్తుంది. ఆ అమీన్ ఎంతుందో అంత ఫార్మేట్‌ని తీసేసి మిగిలిందే చట్రానిదని రాయి. పల్సుల మధ్య విరామం 20 సెకన్లకు తగ్గించవద్దు. తగ్గిస్తే ఫార్మేట్ తక్కువ లెక్కకు వస్తుంది.

ఆఖరుది బీఈటీ, పొడి ఎంత నైట్రోజన్ పట్టుకుంటుందో చూసి లోపలి వైశాల్యం లెక్కకట్టే పరీక్ష, అందరూ మొదట అడిగేది. 80 నుంచి 100 మి.గ్రా. కావాలి, అంటే ఒక్క వయల్ సరిపోయీ సరిపోనట్టు. అందుకే నాలుగు వయల్‌లు ఒకేసారి పెట్టు, కానీ ఒక్కోదానికి ఎక్స్‌రే చూశాకే కలుపు. పొడి బరువు డీగ్యాస్ చేశాక (వేడి, వాక్యూమ్‌తో రంధ్రాల్లో ఉన్నవి లాగేశాక) తీసుకోవాలి, ముందు కాదు. వాక్యూమ్ ఒక్కసారిగా తెరిస్తే పొడి ఎగిరి ఫిల్టర్‌కి అంటుకుంటుంది, మెల్లగా తెరువు. యంత్రం తనంతట తాను సాపేక్ష పీడనం 0.05 నుంచి 0.3 వరకు గీత గీసి అంకె చెబుతుంది. మనవి సూక్ష్మరంధ్రాలు, ఆ పరిధికి ముందే నిండిపోతాయి. 0.005 నుంచి 0.05 మధ్యలో వెతుకు. బీఈటీ సమీకరణంలోని సి విలువ ధనాత్మకంగా ఉండాలి, సరైన పరిధి ఎంచుకోవడానికి పెట్టిన రూకెరోల్ నియమాలు నెగ్గాలి. ఒకే 18 గ్రాఫులను 61 ల్యాబులకు పంపి వైశాల్యం లెక్కకట్టమంటే ఒకరి అంకెకూ ఇంకొకరి అంకెకూ పొంతన లేకపోయిన సంగతి 2022లో అచ్చయింది. కొలత ఒక్కటే, లెక్కలే వేరు. అందుకే ఏ పరిధి వాడావో, ఎన్ని బిందువులో రాయాలి, ముడి గ్రాఫ్‌ని ఏఐఎఫ్ (ఇలాంటి కొలతలను పంచుకునే ప్రామాణిక) ఫైలుగా జతచేయాలి.

లోపంలేని యూఐఓ-66 వైశాల్యం గ్రాముకు 1,200 చదరపు మీటర్ల దగ్గర ఉంటుంది. పైన రాసిన ఆమ్లం పద్ధతిలో 1,500 దాటడం మామూలే. ఎక్కువ వచ్చిందని ల్యాబ్‌లో చప్పట్లు కొడతారు. నువ్వు టీజీఏ తీసి చూడు, మెట్టు 220 కంటే కిందే ఉంటుంది. లింకర్లు ఊడిపోయినందుకు చోటు పెరిగింది. అది చెడ్డదని కాదు, ఉత్ప్రేరకానికి ఆ ఖాళీలే కావాలి. కానీ టీజీఏ 220 చూపిస్తూ బీఈటీ 1,600 చూపిస్తే రెండింట్లో ఒకటి తప్పు. మూడు పరీక్షలూ ఒకే మాట చెప్పేదాకా గైడ్ దగ్గరికి వెళ్ళకు.

వయల్‌లు ఇంకో చట్రానికి వాడే ముందు క్షారంలో ఒక రాత్రి నానబెట్టు. యూఐఓ-66 ఆమ్లానికి లొంగదు, గోడకు అంటిన రేణువు తర్వాతి బ్యాచ్‌లో విత్తనమై కూర్చుంటుంది. టెఫ్లాన్ లైనర్లలో ఈ బెడద మరీ ఎక్కువ, ఒక్కో చట్రానికి ఒక్కో లైనర్ కేటాయించుకుని గుర్తుపెట్టుకో.

మధ్యలో విసుగొస్తే రాగి చట్రమైన హెచ్‌కేయూఎస్‌టీ-1 కొంచెం చేసుకో. ఆకాశం రంగు పొడి, వేడితో వాక్యూమ్‌లో నీళ్ళు పోగానే ముదురు ఊదా-నీలంలోకి తిరుగుతుంది. చిటికెడు వాచ్ గ్లాస్ మీద పెట్టి చూస్తూ ఉండు, మన గాలిలో కాసేపట్లోనే అంచుల నుంచి మళ్ళీ లేతబడుతుంది. రాగి మీద ఖాళీగా ఉన్న చోటును నీటి అణువు పట్టుకోవడమంటే అదే. డీగ్యాస్ చేసిన పొడిని తెరిచిన సీసాలో ఎందుకు ఉంచకూడదో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

నాలుగు వయల్‌ల ఎక్స్‌రే, ఒక టీజీఏ అయ్యాక గ్రాఫుల ఫొటోలు కాకుండా ముడి ఫైళ్ళు పంపు. ఓవెన్ లోపలి థర్మామీటర్ ఎంత చూపించిందో, జిర్కోనియం సీసా ఎప్పుడు తెరిచిందో కూడా రాయి.

ఇట్లు,
మామయ్య