పాప ఆపరేషన్‌కు ముందు

అమ్మాయీ,

పాప తుంటి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారని రాశావు. పిల్లల ఎముకల వార్డులో నర్సుగా పనిచేసిన పిన్నిని కనుక, నాకు తెలిసింది దాచకుండా చెబుతాను.

మూడేళ్ల పిల్లలకు ఎవరికైనా సూది అంటే భయమే. మీ పాపకు అంతకంటే పెద్ద భయం ఒకటి ఉంటుంది. పెద్దవాళ్లు తనను ఒకచోట వదిలేసి వెళ్లిపోవడం ఆ పసిప్రాణం ఇదివరకే చూసింది. మీరు దత్తత తీసుకుని ఇంటికి తెచ్చుకుని ఏడాదైనా కాలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతికి ఇచ్చి నువ్వు తలుపు ఇవతలే ఆగిపోతే, మళ్లీ ఇల్లు మారుస్తున్నారనే అనుకుంటుంది. అందుకే అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇది: "ఇద్దరం కలిసి వెళ్తాం, ఇద్దరం కలిసే ఇంటికి వస్తాం." మాటతో సరిపెట్టకు. ఇప్పటినుంచే పక్క గదిలోకి వెళ్లినా "వస్తాను" అని చెప్పి వెళ్లు, చెప్పినట్టే తిరిగి రా. ఆసుపత్రిలో మాత్రం తను నిద్రపోతోంది కదా అని చెప్పకుండా ఎక్కడికీ కదలకు.

ఈ వయసుకు వారాల ముందే చెబితే బెంగ పెట్టుకోవడం తప్ప ప్రయోజనం లేదు. ఒకటి రెండు రోజుల ముందు, చిన్న మాటల్లో చెప్పు. ఎముక దాని గూట్లో సరిగ్గా కూర్చోలేదని, డాక్టరుగారు సరిచేస్తారని, తను ఏ తప్పూ చేయలేదని. ఈ చివరి మాట మరిచిపోవద్దు. అల్లరి చేసినందుకు శిక్ష అనుకునే పిల్లలు చాలామంది. "నొప్పే ఉండదు" అని మాత్రం అనకు. నొప్పి వస్తుంది, మందు ఇస్తారు, నేను పక్కనే ఉంటాను అని చెప్పు. ఒక్క అబద్ధం దొరికిందంటే ఆ తర్వాత నువ్వు చెప్పేది ఏదీ నమ్మదు. ఉత్తినే "నిద్రపుచ్చుతారు" అన్నా చిక్కే, రాత్రుళ్లు పడుకోవడానికి భయపడుతుంది. అది మందు వల్ల వచ్చే నిద్ర, ఆపరేషన్ కాగానే మెలకువ వస్తుందని విడమరచి చెప్పు.

ఆపరేషన్ తర్వాత పాపకు వేసే పిండికట్టు ఎలా ఉంటుందో ముందే తెలిసేలా, తన బొమ్మకు రొమ్ము దగ్గరనుంచి చీలమండల దాకా బ్యాండేజీ చుట్టించు. కాళ్లు ఎడంగా ఉండేలా మధ్యలో ఒక పుల్ల పెట్టండి. చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం తన చేతులతోనే జరగాలి. చివర్లో ఆ బొమ్మ తన పక్కమీదికే తిరిగి రావాలి. రోజూ కప్పుకునే దుప్పటిని ఉతకకుండానే ఆసుపత్రికి తీసుకెళ్లు, ఇంటి వాసన అందులోనే ఉంటుంది.

మత్తు డాక్టరు "ఇంట్లో ఎవరికైనా మత్తుమందు పడకపోవడం, రక్తం ఆగకపోవడం ఉన్నాయా?" అని అడుగుతారు. అలవాటుగా "లేదు" అనేస్తావేమో, అది తప్పు. కన్నవాళ్ల ఆరోగ్యం గురించి "తెలియదు" అని స్పష్టంగా చెప్పి, దత్తత సంగతి వివరించు. కొన్ని మత్తుమందుల వల్ల కండరాలు బిగుసుకుపోయి ఒంటి వేడి విపరీతంగా పెరిగే అరుదైన ప్రమాదం వంశపారంపర్యంగా వస్తుంది. "తెలియదు" అంటే వాళ్లు ఆ జాగ్రత్తలో ఉంటారు. సంతకాలకు అవసరమవుతుంది కనుక దత్తత ఉత్తర్వు నకలు దగ్గర పెట్టుకో.

సాధారణంగా ఆహారం 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. మీ డాక్టరు చెప్పిన సమయమే పాటించాలి. ఆకలి చూసిన పిల్లలకు తిండి ఆగిపోవడమే పెద్ద కలవరం. ఆ రోజు మొదటి ఆపరేషన్ పాపదే అయ్యేలా ఇప్పుడే అడుగు.

మెలకువ వచ్చాక కొందరు పిల్లలు నిన్నే గుర్తుపట్టనట్టు తన్నుతారు, అరుస్తారు. మత్తు వదిలేటప్పుడు అలా జరుగుతుంది, మామూలుగా అరగంటలోపే తగ్గుతుంది. నన్ను కాదంటోందని గుండె చెదిరిపోకు.

నేను మరీ గట్టిగా చెప్పదలచింది ఏడవని బిడ్డ గురించి. ఏడ్చినా ఎవరూ రారని నేర్చుకున్న పిల్లలు నొప్పిని మింగేసి కదలకుండా పడుకుంటారు. వార్డులో అందరూ "ఎంత బుద్ధిమంతురాలో" అని మెచ్చుకుంటారు. నువ్వు మాత్రం ఆ పొగడ్తకు పొంగిపోకు. నుదురు ముడిపడిందా, పిడికిలి బిగించిందా, ఇష్టమైన బొమ్మను కూడా ముట్టడం లేదా చూడు. చూసింది చూసినట్టు నర్సుకు చెప్పి, ఏడుపు కోసం ఎదురుచూడకుండా వేళకు మందు ఇవ్వమను. సూది వేసేటప్పుడు చేతులు పట్టుకునే పని నర్సులకు వదిలెయ్యి. నువ్వు తలవైపు ఉండి, నీ ముఖం తనకు కనిపించేలా చూసుకో.

పిండికట్టు తరచుగా 6 నుంచి 12 వారాలు ఉంటుంది. కట్టులో కాళ్ల మధ్య ఉండే కర్రను పట్టుకుని పాపను ఎత్తవద్దు. చిన్న డైపర్ కట్టు లోపలికి దోపి, పైన పెద్దది వెయ్యి. దురద పెడుతోందని లోపలికి ఏదీ దూర్చకూడదు. కాలివేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, కదలకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరు.

కట్టు కోసే రంపం మోతకు పిల్లలు హడలిపోతారు. దాని బ్లేడు గుండ్రంగా తిరగదు, అదురుతుంది అంతే. ముందు నీ చేతికి ఆనించి చూపించమని అడుగు. కట్టు తీశాక కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. కొందరు మళ్లీ కట్టు కావాలని ఏడుస్తారు. నిలబడమని తొందరపెట్టకండి, డాక్టరు చెప్పిన క్రమంలోనే సాగనివ్వండి.

మత్తు డాక్టరును కలిసి వచ్చిన రోజు ఫోను చెయ్యి. ఏమడిగారో, నువ్వేం చెప్పావో ఒకసారి చూద్దాం.

ఆశీస్సులతో,
నీ పిన్ని