ఒకే జవాబు లేని లెక్కలు తెలివైన పిల్లలకేనా?

ఎనిమిదో తరగతి చదివే మీ బాబు లెక్కల్లో యావరేజ్ అని, స్కూల్లో ఇస్తున్న ‘చాలా జవాబులుండే లెక్కలు’ వాడికి కష్టమవుతాయేమోనని అడిగారు. అవ్వవండి. నేను విశాఖలో, ఎంవీపీ కాలనీలో ట్యూషన్ చెబుతాను. నా దగ్గర ఫస్ట్ ర్యాంకు పిల్లలు, పాసైతే చాలనుకునే పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారు. ఇలాంటి లెక్క ఇస్తే ఎవరికైనా ఏదో ఒక జవాబు వస్తుంది. ఎవరు ఎక్కడ ఆగిపోతారన్నదే తేడా.

ఉదాహరణకి, చుట్టుకొలత 24 సెం.మీ. ఉండే దీర్ఘచతురస్రాలు గీసి, గమనించినవన్నీ రాయమంటాను.

లెక్కలు అంతగా రానివాళ్లు వెంటనే గీయడం మొదలుపెడతారు. 8, 4 ఒకటి, 10, 2 ఇంకొకటి. వరుస ఉండదు, రెండు మూడు దొరకగానే ‘అయిపోయింది సార్’ అంటారు. మధ్యస్థంగా ఉన్నవాళ్లు 11, 1 నుంచి 6, 6 దాకా పట్టిక వేసి పూర్ణసంఖ్యల్లో వచ్చే ఆరింటినీ పట్టేస్తారు. వైశాల్యాలు 11, 20, 27, 32, 35, 36. చతురస్రానిదే ఎక్కువని రాసి ఆగుతారు. బాగా వచ్చేవాళ్లలో కొందరు వాటి మధ్య తేడాలు 9, 7, 5, 3, 1 అని చూస్తారు. ఒక భుజం 6 కంటే ఎంత పెరిగితే రెండోది అంతే తగ్గుతుంది, ఆ పెరిగినదాని వర్గం 36లోంచి పోతుంది అని కారణం చెప్పేవాళ్లూ ఉంటారు.

అయితే మంచి మార్కుల పిల్లలు కొందరు అసలు మొదలే పెట్టరు. ‘ఏ ఫార్ములా సార్?’ అంటూ టెన్షన్ పడతారు. అన్నేళ్లూ ఒకే జవాబు త్వరగా తేవడమే నేర్పాం మరి! ‘ఐదున్నర పెట్టొచ్చా?’ అన్న ప్రశ్న ఎక్కువగా స్కేలు పట్టుకుని గీసేవాళ్ల నుంచే వస్తుంది. 6.5, 5.5 పెడితే వైశాల్యం 35.75. అక్కడి నుంచి దీర్ఘచతురస్రాలకి అంతు ఉండదు.

ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఎంతమంది ఉంటారో అంచనా వేయమన్నా ఇంతే. ఒకరు డేటా ఇవ్వలేదంటారు. ఇంకొకరు కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా ముక్కలు చేసి, ఒక ముక్కలో ఎంతమంది పడతారో లెక్కేస్తారు.

1970లలో జపాన్‌లో గణిత విద్యా పరిశోధకుడు షిగేరు షిమాదా బృందం ఇలాంటి లెక్కలతోనే పాఠాలు నడిపింది. పిల్లలు ఎన్ని జవాబులు తెచ్చారు, అవి ఎన్ని రకాలు, ఎంత కొత్తవి అన్నది వాళ్లు చూసేవారు. మార్కులు వేసేటప్పుడు మన బళ్లలో కూడా ఇలాగే చూడాలని నా గట్టి కోరిక.

ఇంట్లో ఆ దీర్ఘచతురస్రాల లెక్కనే తిరగేసి ఇవ్వండి: వైశాల్యం 36 అయితే చుట్టుకొలత ఎంతెంత ఉండొచ్చు? పూర్ణసంఖ్యల్లో 74, 40, 30, 26, 24 వస్తాయి. బాబు రెండింటి దగ్గర ఆగితే మిగతావి చెప్పకండి. ‘ఇంకేవీ లేవని ఎలా తెలిసింది?’ అని మాత్రం అడిగి, కాసేపు వదిలేయండి.