ఇంటీరియర్ డిజైన్ వ్యాపారానికి సొంత విలువలు రాసుకుంటే నిర్ణయాలు నిజంగా తేలికవుతాయా?

అవుతాయి, కానీ ఆ విలువ ఏదో ఒక పనినో, లాభాన్నో మీ చేత వదులుకునేలా చేసేంత స్పష్టంగా ఉంటేనే.

ఈ వృత్తిలో సగం నిర్ణయాలు లెక్కలతో తేలవు. క్లయింట్ కోరిక, బడ్జెట్, గడువు, సప్లయర్ ఇస్తానన్న కమీషన్ తలో వైపు లాగుతుంటాయి. దేనికి పెద్దపీట వేయాలో ముందే తేల్చుకోకపోతే, ఆ రోజు గట్టిగా మాట్లాడినవాళ్ల మాటే నెగ్గుతుంది.

సింక్ కింద క్యాబినెట్‌నే చూడండి. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో చేసిన ప్లైవుడ్ చవక, కానీ తరచూ తడి తగిలితే పొరలు విడిపోతాయి. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురుతో చేసింది నీటిని బాగా తట్టుకుంటుంది, ధర ఎక్కువ. పైన లామినేట్ అతికించాక రెండూ చూడ్డానికి ఒకటే. ‘నిజాయితీ’ అని మాత్రమే రాసుకున్నవారికి ఇక్కడ దారి దొరకదు. ‘కంటికి కనబడని చోట కూడా ఆ చోటికి తగిన సరుకే వాడతాను, కమీషన్ తీసుకుంటే క్లయింట్‌కు చెబుతాను’ అని రాసుకున్నవారికి ఆలోచించే పనే లేదు. బడ్జెట్ సరిపోకపోతే హ్యాండిళ్లలోనో అలంకరణలోనో తగ్గిస్తారు, ఇక్కడ మాత్రం కాదు.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, అభిరుచినే విలువ అనుకోవడం. తక్కువ సామాన్లు, లేత రంగులు, సహజమైన చెక్క ఇవన్నీ శైలి. క్లయింట్‌ను బట్టి మారొచ్చు. ‘నాణ్యత’, ‘సృజనాత్మకత’ లాంటి మాటలూ అంతే. నాసిరకం పని చేస్తానని ఎవరూ బోర్డు పెట్టుకోరు కదా, కాబట్టి అవి ఏ నిర్ణయాన్నీ తేల్చవు.