‘మాకు ఆశ లేదండి’ అంటే నిరాశేనా?

సందేహం: నేను అమలాపురం దగ్గరి ఊళ్లలో కౌలు రైతుల ఇళ్లకూ కూలి పనులు చేసుకునే వారి ఇళ్లకూ వెళ్లి, ఒక సర్వే కోసం ఆడవాళ్లను ప్రశ్నలు అడుగుతున్నాను. పేదరికంలో ఉన్నవారు రేపటి గురించి ఏమనుకుంటున్నారో కొలవడం ఆ సర్వే ఉద్దేశం. ప్రశ్నలను ఇంగ్లీషు నుంచి తెలుగు చేసి మాకు ఇచ్చారు. ‘భవిష్యత్తు విషయంలో మీకు ఆశ ఉందా?’, ‘మీ ఆశయాలు ఏమిటి?’, ‘మీ అమ్మాయి ఎంతవరకు చదువుతుందని ఆశిస్తున్నారు?’ అనేవి వాటిలో కొన్ని. మొదటి ప్రశ్నకు చాలామంది ‘మాకు ఆశ లేదండి, ఉన్నదాంట్లో సర్దుకుంటాం’ అంటున్నారు. నేను ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెడుతున్నాను. అయితే అలా చెప్పినవారిలో నాకు దిగులేమీ కనిపించలేదు. ఆశ, ఆశయం, ఆకాంక్ష అనే మూడింటిలో ఇక్కడ ఏది సరైన మాట? ‘ఆశించు’ అనే క్రియను వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం: ఆ స్త్రీలు చెప్పిన ‘మాకు ఆశ లేదండి’ అనే వాక్యాన్ని నిరాశ కింద లెక్క కట్టకూడదు. వారు మీ ప్రశ్నకు తెలుగు ప్రకారం సరిగానే జవాబు చెప్పారు. ప్రశ్నే వేరొక సంగతిని అడిగింది.

‘ఆశ’ అనే మాటకు అర్థం అది వాక్యంలో దేనితో కలిసి వచ్చిందనే దాన్ని బట్టి మారుతుంది. మరే వివరమూ లేకుండా ‘అతనికి ఆశ ఎక్కువ’ అంటే తప్పు పట్టడం, ‘ఆమెకు ఆశ లేదు’ అంటే మెచ్చుకోవడం. ఇక్కడ ఆశ అంటే తనది కానిదాని మీదికి మనసు పోవడం. దురాశ, పేరాశ, అత్యాశ, ఆశపోతు, ఆశపడు, ఆశపెట్టు అనే మాటలన్నీ ఈ వైపువే. ‘డబ్బు మీద ఆశ’ అన్నా ఇదే నింద, కాని ‘కొడుకు మీద ఆశ పెట్టుకున్నారు’ అన్నప్పుడు అదే ‘మీద’తో నింద పోయి నమ్మకం వస్తుంది. ‘బతుకుతాడన్న ఆశ లేదు’ అని ‘అన్న’ చేర్చి ఒక ఉపవాక్యాన్ని ముందు పెడితే ఆశ అంటే జరుగుతుందనే అంచనా. ‘ఆశ వదులుకున్నాం’, ‘అడియాస అయింది’ అన్నప్పుడు మాత్రమే మీ సర్వే వెతుకుతున్న నిరాశ కనిపిస్తుంది. మీ మొదటి ప్రశ్నలో ‘భవిష్యత్తు విషయంలో’ అనే మాటలు ఉన్నా, అవి పుస్తకపు మాటలు కావడం వల్ల వినేవారి చెవిలో నిలిచేది ‘మీకు ఆశ ఉందా’ అన్న ముక్కే. ఆ ముక్కకు గౌరవంగా బతికే ఏ తెలుగు ఇల్లాలైనా ‘లేదండి’ అనే అంటుంది. ఆమె మీకు చెప్పినది తన బీదతనాన్ని కాదు, తన మర్యాదను.

2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కావడం లేదని సార్వా (ఖరీఫ్) పంట వేయకుండా పొలాలను వదిలేసినప్పుడు ఎవరైనా ‘సాగు మీద ఆశ లేదు’ అని ఉంటే అది వేరు. అక్కడ దేని మీద ఆశ పోయిందో వాక్యంలోనే ఉంది. కాబట్టి ‘ఆశ లేదు’ అన్న మాట వినిపించగానే, దేని మీద, ఏమవుతుందన్న ఆశ అని అడిగి తెలుసుకోకుండా ఏ గడిలోనూ టిక్కు పెట్టవద్దు.

ఇక ‘ఆశయం’. ఇది ‘ఆశ’ నుంచి పుట్టిందని చాలామంది అనుకుంటారు. కాదు. జలాశయం, గర్భాశయం అనే మాటలలో ఉన్న ఆశయమే ఇది. నెలవు, ఆధారం అని దాని మొదటి అర్థం. మనసులో నెలకొన్న అభిప్రాయం అనే అర్థం మీదుగా తెలుగులో అది ఉన్నతమైన లక్ష్యం అయింది. ఈనాడు అది సభలకూ వర్ధంతులకూ చెందిన మాట. ‘మీ ఆశయాలు ఏమిటి?’ అని కూలికి వెళ్లి వచ్చిన మనిషిని అడిగితే, తాను ఏదో గొప్ప సంగతి చెప్పాలి కాబోలని ఆమె తడబడుతుంది, లేకపోతే పక్కనున్న చదువుకున్న పిల్ల వైపు చూస్తుంది. ‘ఆకాంక్ష’ అర్థంలో సరైనదే, కాని అది పత్రికల మాట. నివేదికలో రాయండి, నోటితో అడగవద్దు. నివేదికలో వాడకూడని మాట ఒకటి ఉంది: ‘ఆశావహులు’. ఎన్నికల వార్తలలో టిక్కెట్టు కోరేవారిని అలా రాస్తున్నారు గాని, ‘భయావహం’ భయం కలిగించేది అయినట్టే ‘ఆశావహం’ ఆశ కలిగించేది. కోరుకునే మనిషికి ఆ పేరు చెల్లదు.

‘ఆశించు’ విషయంలో నా అభిప్రాయం మరింత గట్టిది. డెల్టాలో వ్యవసాయం చేసే ఇళ్లలో ఈ క్రియ ఎక్కువగా వినబడేది వరి చేను గురించి మాట్లాడేటప్పుడు. ‘సుడిదోమ ఆశించింది’, ‘కాండం తొలుచు పురుగు ఆశించింది’ అని వ్యవసాయ శాఖ వారు చెబుతారు. రేడియోలో, పత్రికలో అదే మాట. అందుచేత ‘చదువుతుందని ఆశిస్తున్నారు’ అనేది అక్కడి చెవికి పరాయిగా తోస్తుంది. అంతకు మించిన చిక్కు ఏమిటంటే, ఆ వాక్యం కోరికను అడుగుతోందో అంచనాను అడుగుతోందో తేలదు. ఒక తల్లి తన కోరిక చెప్పి ‘డిగ్రీ’ అంటుంది, మరొక తల్లి తన స్థితి చూసుకుని ‘పదో తరగతి’ అంటుంది. మీ కాగితం మీద రెండూ ఒకే రకం జవాబులై కూర్చుంటాయి.

మన భాష ఈ తేడాను క్రియలలో ఎంతో స్పష్టంగా చూపుతుంది. ‘నాకు మా అమ్మాయిని చదివించాలని ఉంది’, ‘చదివించాలనుకుంటున్నాను’, ‘చదివించగలను’, ‘చదివిస్తాను’ అనే నాలుగింటిని పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానిలో కర్త స్థానంలో మనిషి లేదు. ‘నాకు’ అనే చతుర్థి రూపంతో, ఆకలి వేసినట్టు, చలి వేసినట్టు, కోరిక తనకు కలిగిందని చెబుతోంది. రెండోదానిలో ఆమె కర్త అయింది. కోరిక సంకల్పం అయింది. మూడోది శక్తిని గురించి, నాలుగోది నిశ్చయాన్ని గురించి. పేదరికంలో ఉన్నవారి మాటలలో మొదటి రూపం సులువుగా వస్తుంది, మూడోది ఆగి ఆగి వస్తుంది. ఈ రెంటి నడుమ ఉన్న దూరమే మీ సర్వే కొలవవలసింది అని నా నమ్మకం.

ఈ విషయం మీద పనిచేసిన పండితులు చెప్పినదీ దీనికి దగ్గరగానే ఉంది. కాన్సస్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రవేత్త సి.ఆర్. స్నైడర్, ఆయన సహచరులు 1991లో ప్రకటించిన కొలమానం ప్రకారం ఆశాభావంలో రెండు పాళ్లు ఉంటాయి: అనుకున్నదాని కోసం పూనుకునే పట్టుదల ఒకటి, అక్కడికి చేరే దారులు తోచడం రెండోది. అందులోని 12 వాక్యాలలో నాలుగు మొదటిదానికి, నాలుగు రెండోదానికి. మిగిలిన నాలుగూ లెక్కలోకి రానివి, దృష్టి మళ్లించడానికి పెట్టినవి. ఇందులో ‘ఆశ’ అనే మాటను అడగవలసిన అవసరమే లేదన్నది గమనించండి. దారుల గురించి తెలుగులో అడగడానికి ‘తోచు’ కంటే మంచి క్రియ లేదు. ‘చిక్కు వచ్చి పడినప్పుడు బయటపడే దారి మీకు తోస్తుందా, లేక ఏమీ పాలుపోదా?’ అంటే చదువురాని ముసలమ్మ అయినా ఆలోచించి జవాబు చెబుతుంది. దీనికి బదులు ‘సమస్యల నుంచి బయటపడటానికి అనేక మార్గాల గురించి నేను ఆలోచించగలను’ అని చదివి వినిపించి, ఎంతవరకు నిజమో చెప్పమంటే ఆమె మీ ముఖం చూసి తల ఊపుతుంది. ఆ తల ఊపడానికి అర్థం అతిథి పట్ల మన్నన మాత్రమే.

మానవశాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై 2004లో, ఆర్థికవేత్త దెబ్రాజ్ రాయ్ 2006లో రాసిన వ్యాసాలు ఈ రంగంలో తరచుగా ఉదహరించబడుతున్నవి. కోరుకోవడం కూడా అభ్యాసంతో వచ్చే శక్తి అనీ, కలిగినవారికి ఆ అభ్యాసం ఎక్కువగా దొరుకుతుందనీ అప్పాదురై వాదన. మనిషి తన వంటివారి జీవితాలను చూసి తన కోరికల ఎల్లలు నిర్ణయించుకుంటాడని రాయ్ వాదన. ఈ రెండో మాటకు డెల్టాలో నిత్యం వినబడే పలుకుబడి ఉంది: ‘మా బోటోళ్లకి ఎందుకండీ అయ్యన్నీ!’ ఆమె ‘మా బోటోళ్లు’ అన్నప్పుడు ఎవరెవరిని కలుపుకుని అంటోందో అడగండి. కువైట్‌లో ఇంటి పనికి వెళ్లి వచ్చి ఇల్లు కట్టుకున్న పక్కింటామె అందులో ఉందా? నర్సింగు చదువుతున్న పిన్నిగారి కూతురు ఉందా? పొలం స్వంతదారు ఇంటి అమ్మాయి ఉందా? ఆ మాట గీసే గిరి ఎంతవరకు ఉందో తెలిస్తే ఆమె కోరికల మేర సగం తెలిసినట్టే.

ఆ గిరి మారుతుందనడానికి పశ్చిమ బెంగాల్‌లో దొరికిన ఆధారం ఉంది. 1998 నుంచి అక్కడ పంచాయతీ అధ్యక్ష పదవులలో మూడో వంతు స్త్రీలకు కేటాయిస్తూ వచ్చారు. 495 గ్రామాలలో జరిపి 2012లో ప్రకటించిన పరిశీలనలో, వరుసగా రెండు ఎన్నికలలో స్త్రీకి కేటాయించిన ఊళ్లలో కొడుకుల విషయంలో, కూతుళ్ల విషయంలో తల్లిదండ్రుల కోరికల మధ్య ఉండే తేడా 20 శాతం, పిల్లల సొంత కోరికలలోని తేడా 32 శాతం తగ్గినట్టు తేలింది. వారు అడిగినవి చదువు ఎంతవరకు, పెళ్లి ఏ వయసులో, పెద్దయ్యాక ఏ పని అనేటటువంటి ప్రశ్నలు. తెలుగులోనైనా ఆ తరహా ప్రశ్నకే నికరమైన జవాబు వస్తుంది.

మీ జిల్లాకు పొరుగునే జరిగిన పని కూడా ఉంది. 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించింది. దానికి ఎంచుకున్న జిల్లాలలో పశ్చిమ గోదావరి ఒకటి. అందులో తొమ్మిది మెట్ల నిచ్చెన బొమ్మ చూపి, అన్నిటికంటే మంచి బతుకు పై మెట్టు అనుకుంటే మీరిప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారు, నాలుగేళ్లకు ఏ మెట్టు మీద ఉంటారు అని అడిగే ప్రశ్న ఉంది. 1965లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హాడ్లీ కాంట్రిల్ ప్రచారంలోకి తెచ్చిన నిచ్చెన పద్ధతికి ఇది ఒక రూపం. తెలుగులో ఇది బాగా అతుకుతుంది, ఎందుకంటే బాగుపడటాన్ని మనం ‘పైకి రావడం’ అనే అంటాము. అయితే డెల్టాలో పేదవారు తమ గురించి ఆ మాట వాడటం తక్కువ. ‘పిల్లలు పైకొస్తే చాలు’ అంటారు; తమ విషయానికి వచ్చేసరికి ‘గట్టెక్కితే చాలు’, ‘ఒడ్డున పడితే చాలు’ అంటారు. గట్టెక్కడం నిచ్చెన ఎక్కడం కాదు, మునగకుండా బయటపడటం. ఈ రెండు పలుకుబళ్లనూ వేర్వేరుగా రాసుకోండి. ఒకటి ఎదుగుదల గురించిన కోరిక, రెండోది ఆపద దాటడం గురించిన కోరిక.

కాలం గురించి కూడా చెప్పాలి. ‘అయిదేళ్ల తర్వాత’ అనే మాట కౌలు రైతు ఇంట్లో పలకదు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కౌలు కార్డు గడువు 11 నెలలు, అదీ భూమి స్వంతదారు సంతకం పెడితేనే. వచ్చే సార్వాకు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషిని అయిదేళ్ల సంగతి అడిగి, జవాబు రాలేదని ఆమెకు దూరదృష్టి లేదని రాయడం అన్యాయం. ‘ఈ దాళ్వా (రబీ) అయ్యేసరికి’, ‘మీ అమ్మాయి పదో తరగతికి వచ్చేనాటికి’ అని ఆమె లెక్కించుకునే కాలంతో అడగండి.

‘మీకు ఏం కావాలి?’ అని మాత్రం ఎన్నడూ అడగవద్దు. అది పథకాల కోసం పేర్లు రాసుకునేవారి ప్రశ్న. ఇల్లు, పింఛను అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘భరోసా’ కూడా రైతు భరోసా, ఎన్టీఆర్ భరోసా పింఛను అని పథకాల పేర్లలో చేరినందువల్ల ఇప్పుడు నమ్మకం అనే అర్థంలో అడగడానికి పనికిరాదు.

మీ ప్రశ్నలను నేనైతే ఇలా మారుస్తాను: ‘మీ అమ్మాయిని ఎంతవరకు చదివించాలని ఉంది?’ అని ముందు అడిగి, జవాబు రాసుకుని, ‘ఇప్పుడున్న పరిస్థితిలో ఎంతవరకు చదివించగలం అనుకుంటున్నారు?’ అని విడిగా అడగండి. ఎంత నమ్మకమో తెలుసుకోవడానికి పది చింతపిక్కలు ఆమె ముందు పెట్టి, తప్పకుండా అవుతుందనుకుంటే పదీ, కానే కాదనుకుంటే ఒక్కటీ తీయకుండా, మధ్యలో అయితే తోచినన్ని తీసి పెట్టమనండి. ‘చాలావరకు’, ‘కొంతవరకు’, ‘పాక్షికంగా’ అనే మెట్లు నోటి మాటలో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, పిక్కలు కలిసిపోవు. చివరగా, ‘పిల్లల సంగతి అలా ఉంచండి, మీ మట్టుకు మీకు ఏం చేయాలని ఉంది?’ అని అడగండి. ‘మీ మట్టుకు మీకు’ అన్నది తప్పనిసరి, ఎందుకంటే ‘మీకు’ అంటే ఆమె ‘మాకు’ అని ఇంటిల్లిపాదినీ కలిపి జవాబిస్తుంది. దీనికి వెంటనే జవాబు రాకపోవచ్చు, తొందరపెట్టవద్దు.

ఇప్పటికే టిక్కు పెట్టిన కాగితాలను దిద్దవద్దు. ‘మాకు ఆశ లేదండి, ఉన్నదాంట్లో సర్దుకుంటాం’ అన్న వాక్యాన్ని ఎవరు చెప్పారో వారి కాగితం అంచున, ‘అండి’తో సహా, చెప్పింది చెప్పినట్టు రాసి మీ పర్యవేక్షకులకు చూపించండి. ఆ ఇళ్లకు మళ్లీ వెళ్లి కొత్త ప్రశ్నలు అడగడానికి అనుమతి కోరండి.