రెండు సెల్లార్ల తవ్వకానికి సేఫ్టీ ప్లాన్ ఫార్మాట్ ఎవరి దగ్గరైనా ఉందా?

ఫార్మాట్ నా దగ్గర ఉంది, పంపుతాను. దానికి ముందు ఈ జవాబు పూర్తిగా చదవండి. "ఏడు మీటర్ల లోతు, రెండు సెల్లార్లు, వారంలో సేఫ్టీ ప్లాన్ ఇవ్వమన్నారు, పాత సైటుది ఏదైనా ఉంటే మార్చుకుంటాను" అని రాశారు. పదకొండేళ్ల కిందట నేనూ సరిగ్గా అదే పని చేశాను. అందుకు ఇంకొకరు మంచాన పడ్డారు.

అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. హైదరాబాదు శివారులో అపార్ట్‌మెంటు పని. అంతకు ముందు సైటులో వాడిన ఇరవై రెండు పేజీల ప్లాను తీసుకుని, పేరు, తేదీ, సర్వే నంబరు మార్చి సంతకాలు చేయించాను. అందులో తూర్పు వైపు "ఖాళీ స్థలం" అని రాసి ఉంది. పాత సైటులో అది నిజమే. మా సైటుకు తూర్పున మాత్రం రెండంతస్తుల ఇల్లు ఉంది. ఆ ఇంటి సెప్టిక్ ట్యాంకు మా హద్దు నుంచి నాలుగడుగులు కూడా లేదు. ఆ పేజీని నేను చాలాసార్లు తిరగేశాను. నాతో పాటు ముగ్గురు సంతకం పెట్టారు. ఒక్కరికీ ఆ మాట తప్పని తట్టలేదు.

జులై నెలాఖరులో రెండు రాత్రులు ఏకధాటిగా వాన కురిసింది. మూడో రోజు ఉదయం తెరిపి ఇచ్చింది. తూర్పు అంచుకు అడుగున్నర లోపల, నేల మీద దారం పరిచినట్టు సన్నని పగులు కనిపించింది. అంచు వెంబడే పది పన్నెండు అడుగుల పొడవున సాగింది. పాలమూరు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రి ముప్పై ఏళ్లుగా మట్టిపనిలో ఉన్న మనిషి. అక్కడ గొంతుక్కూర్చుని, ఒక పుల్ల తీసుకుని పగుల్లోకి దింపాడు. జానెడు పుల్ల మొత్తం లోపలికి వెళ్లిపోయింది. "సార్, ఈ పూట ఇటువైపు ఎవరినీ దింపవద్దు" అన్నాడు. హిటాచీకి గంటల లెక్కన అద్దె, టిప్పర్లు బారులు తీరి ఉన్నాయి. మధ్యాహ్నం దాకా చూద్దామన్నాను. పదకొండున్నరకు ఫుటింగు (స్తంభం పునాది) గుంత సరిచేస్తున్న కుర్రవాడి మీదికి మట్టి జారింది. నడుము పైదాకా కప్పేసింది.

మా ప్లానులో ఏం లేదో అప్పుడు తెలిసింది. తోటివాళ్లు ఇద్దరు వెనకాముందూ చూడకుండా కిందికి దూకారు. వాళ్ల తల మీద సగం విరిగిన మట్టిపెళ్ల ఇంకా వేలాడుతోంది. హిటాచీ ఆపరేటరు బకెట్‌తో తోడబోతే మేస్త్రి అరిచి ఆపాడు. చంకల కింద తాడు వేసి లాగుదామని ఇంకొకరు అన్నారు. అలా లాగి ఉంటే నడుము విరిగేది. 108 వచ్చింది కానీ మా టిప్పర్లే సందును మూసేశాయి. చేతులతో, తట్టలతో, చిన్న పారలతో తవ్వి అతన్ని బయటికి తీయడానికి గంటకు పైగా పట్టింది. బతికాడు. తొడ ఎముక విరిగింది. ఒడిశా నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల పిల్లవాడు.

ఘనమీటరు మట్టి సుమారు 1.6 నుంచి 1.8 టన్నుల బరువు ఉంటుంది. ఛాతీ దాకా కప్పేస్తే తల బయట ఉన్నా ఊపిరి అందదు. ఊపిరి వదిలినప్పుడల్లా మట్టి ఇంకాస్త బిగుస్తుంది. అందుకే మట్టిపనిలో హెల్మెట్టు, బూట్ల గురించి ఎన్ని పేజీలు రాసినా అసలు ప్రమాదాన్ని తాకినట్టు కాదు.

ఇక మీ ప్లాను సంగతి. కంప్యూటరు ముందు కూర్చోకముందు మేస్త్రిని, హిటాచీ ఆపరేటరును వెంటబెట్టుకుని హద్దు చుట్టూ నడవండి. నాలుగు వైపులకూ నాలుగు కాగితాలు. పక్కన ఏముంది, ఎంత దూరంలో ఉంది, దాని పునాది ఎంత లోతు, సంపు, సెప్టిక్ ట్యాంకు, మంచినీటి పైపు, డ్రైనేజీ, కరెంటు స్తంభం ఎక్కడున్నాయి. పక్కింటివాళ్లను అడగండి. సెప్టిక్ ట్యాంకు సంగతి ఆ ఇంటి పెద్దావిడను ఒక్క మాట అడిగి ఉంటే నాకు ముందే తెలిసేది. వాళ్ల గోడల మీద ఇప్పటికే పగుళ్లుంటే ఫొటో తీసి, పగులు మీద అడ్డంగా చిన్న ప్లాస్టరు పట్టీ వేసి తేదీ రాయండి. పట్టీ చీలిందంటే గోడ కదులుతోందని అర్థం.

సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) భద్రతా నియమాల్లో కొన్ని కొలతలు ఉన్నాయి, కంఠతా పట్టండి. 1.5 మీటర్లు, అంతకు మించి లోతున్న కందకం గోడలను వాలుగా కోయాలి, లేదా ఆధారం కట్టాలి. తవ్విన మట్టిని అంచు నుంచి 1.5 మీటర్లు లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. 1.2 మీటర్లు దాటిన కందకంలో ప్రతి 30 మీటర్లకు ఒక నిచ్చెన ఉండాలి, అది నేలకు పైన 90 సెంటీమీటర్లు కనిపించాలి. అడుగున తొలిచి పైమట్టిని కూల్చే పద్ధతి ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు. వీటికి తోడుగా తవ్వకాల భద్రత మీద భారతీయ ప్రమాణం ఐఎస్ 3764 ఉంది, అదీ చదవండి.

అయితే ఇవి కందకాల కొలతలు. ఏడు మీటర్ల నిలువు కోతకు ఆధారం ఎలా ఉండాలో మీరూ నేనూ నిర్ణయించకూడదు. మట్టి పరీక్ష రిపోర్టు చూసి డిజైన్ ఇంజనీరు లెక్క కట్టి, డ్రాయింగు మీద సంతకం పెట్టాలి. సాయిల్ నెయిలింగ్ (మట్టి గోడలోకి ఇనుప కడ్డీలు దింపి నిలబెట్టడం) అయితే ఎన్ని మీటర్లు తవ్వాక ఆగి నెయిళ్లు వేయాలో, గోడ మీద చిమ్మే కాంక్రీటు, అంటే షాట్‌క్రీట్, గట్టిపడ్డాక ఎన్ని రోజులకు కింది వరుస తవ్వాలో అందులో ఉండాలి. అడుగుదాకా తవ్వేసి ఆ తరువాత నెయిళ్లు కొట్టిన సైట్లు చూశాను. ఆ డ్రాయింగు చేతికి రాలేదంటే మీ ప్లాను పూర్తికాలేదని పై అధికారులకు రాతపూర్వకంగా చెప్పండి. "సరిపడా షోరింగ్ (గోడకు ఆధారం) ఏర్పాటు చేయబడును" అనే వాక్యం మాత్రం దయచేసి రాయకండి. నా ఇరవై రెండు పేజీల్లో అది మూడు చోట్ల ఉంది.

చాలామంది వదిలేసే విషయం కూలీల షెడ్లు. 2024 మే నెలలో హైదరాబాదు బాచుపల్లిలో గాలివానకు రిటైనింగ్ గోడ (మట్టిని ఆపే గోడ) కూలి, ఆ పక్క షెడ్లలో ఉన్న ఏడుగురు చనిపోయారు. వాళ్లలో నాలుగేళ్ల బిడ్డ ఉన్నాడు. వాళ్లు ఆ సమయానికి పనిలో లేరు, ఇంట్లో ఉన్నారు. షెడ్లు ఎక్కడ వేస్తున్నారో, ఏ గోడకు ఎంత దూరమో మీ ప్లానులో గీసి చూపండి. ప్రహరీని ఆనుకుని, తవ్వకం అంచున వేస్తామంటే ఒప్పుకోకండి.

చట్టాల మాటకొస్తే, 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద వచ్చిన 1998 కేంద్ర నిబంధనలు, 50 మంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట రాతపూర్వక భద్రతా విధానం ఉండాలన్నాయి. 2020 వృత్తి భద్రతా కోడ్ వచ్చాక ఏం మారిందో మీ కంపెనీ కార్మిక వ్యవహారాలు చూసేవారిని అడగండి. మీ సైటులో నలభై మందే ఉన్నా ప్లాను రాయండి.

రాశాక దాన్ని రెండు పేజీలకు కుదించి హిందీలోనూ ఒడియాలోనూ చదివి వినిపించండి. మీకు రాకపోతే కూలీల్లోనే చదువుకున్న కుర్రవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు, అతనితో చదివించండి. ఒక మనిషి మట్టిలో కూరుకుపోతే ఏం చేయాలో అందులో ఉండాలి: ఎవరూ దూకకూడదు, యంత్రాలన్నీ ఆపాలి, పైన వేలాడే మట్టికి ముందు ఆధారం చూడాలి, ముఖం, ఛాతీ దగ్గర ముందుగా చేత్తో తవ్వాలి, తాడుతో లాగకూడదు, 108కి, అగ్నిమాపక శాఖకు 101కి ఫోను చేయాలి, గేటు దగ్గర ఒక మనిషి నిలబడి దారి చూపాలి. టిప్పర్లు సందులో ఆగకూడదన్న నియమం కూడా ఇక్కడే రాయండి.

చివరి పేజీలో ఒక్క పేరు ఉండాలి: పని ఆపగల మనిషి పేరు. నేను ఇప్పుడు చేసే ప్రతి సైటులో అక్కడ మట్టిపని మేస్త్రి పేరు రాయిస్తాను. వాన పడిన మర్నాడు, అంచున పగులు కనిపించినప్పుడు, గోడలోంచి నీరు ఊరినప్పుడు అతను చెయ్యెత్తితే పని ఆగాలి. మళ్లీ మొదలుపెట్టాలంటే ఇంజనీరు గోతి అంచున నిలబడి చూసి సంతకం పెట్టాలి. ఆ రోజు కూలి ఎవరికీ కోత పడదని యజమానితో ముందే రాయించుకోండి. ఇది లేకపోతే మేస్త్రి చెయ్యెత్తడానికి జంకుతాడు. మా దగ్గర ఈ ఒక్క వాక్యం మీద రెండు వారాలు వాదన నడిచింది, చివరికి ఒప్పుకున్నారు.

మీరు ఏ నెలలో తవ్వకం మొదలుపెడుతున్నారో రాయలేదు. అది చెప్పండి. నాలుగు వైపుల కొలతలు, మట్టి పరీక్ష రిపోర్టులోని బోరుహోల్ (పరీక్షకు వేసిన బోరు) పేజీలు ఇక్కడ పెడితే ఆదివారం కూర్చుని చూస్తాను.