లెక్కలోకి రాని ముక్కలు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా లాబ్రడార్‌కు నాలుగేళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఇప్పుడు 36 కిలోలు ఉంది, 29కి దించమన్నారు. రెండు పూటలా ఉడికించిన చికెన్, అన్నం కొలిచే పెడుతున్నాను. అయినా తగ్గడం లేదు. తిన్న పది నిమిషాలకే వచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించి చూస్తుంది. ఆ చూపుకి నాకు ముద్ద దిగదు. ధాన్యం లేని ప్యాకెట్ తిండికి మార్చమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ గడ్డం బరువు నాకూ తెలుసమ్మా. మా వాడూ లాబ్రడారే. వాడు లావెక్కుతుంటే నేను డాక్టర్ని కదా, థైరాయిడ్ అని తేల్చేసి రక్త పరీక్ష చేయించాను. అంతా నార్మల్. అప్పుడు మా ఆవిడ వంటింట్లో ఒక ఖాళీ గాజు జాడీ పెట్టింది. వాడికి ఎవరు ఏం పెట్టినా, అంతే ముక్క జాడీలోనూ వేయాలని రూలు. సాయంత్రానికి చూస్తే రెండు బిస్కెట్లు, సగం గుడ్డు, వెన్న రాసిన బ్రెడ్ అంచులు (అవి నావే), మా నాన్నగారు టాబ్లెట్ మింగించడానికి వాడిన చీజ్ ముక్క. గిన్నెలో వేసేది మాత్రం గ్రాములతో సహా కొలుస్తున్నాం!

మీ ఇంట్లోనూ ముందు ఆ జాడీ పెట్టండి. 29 కిలోల కుక్క ఊరికే పడుకున్నా రోజుకు దాదాపు 875 కేలరీలు ఖర్చవుతాయి. బరువు తగ్గించాలంటే మామూలుగా మేం మొదలుపెట్టేది అక్కడే. చిరుతిళ్లు అందులో పదో వంతు దాటకూడదు. ఉడికించిన గుడ్డు ఒకటి పెడితే ఆ రోజు కోటా దాదాపు అయిపోయినట్టే.

ఆ చూపు గురించి ఒక మాట. 2016లో వచ్చిన ఒక పరిశోధనలో దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో ఆకలిని అదుపు చేసే జన్యువులో లోపం కనిపించింది. అలాంటి వాటికి తిన్న కాసేపటికే మళ్లీ ఆకలేస్తుంది. కాబట్టి అది అడిగిన ప్రతిసారీ మీరు తక్కువ పెట్టారని కాదు. రోజు తిండినే మూడు నాలుగు సార్లుగా పంచి, మధ్యలో ఉడికించిన బీన్స్ గానీ క్యారెట్ ముక్కలు గానీ ఇవ్వండి.

ఇక చికెన్, అన్నం. రెండు మూడు రోజులు కడుపు బాగోలేనప్పుడు సరే. ఏళ్ల తరబడి అదే అయితే నాకు టెన్షన్. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. తిండిలో దొరకని కాల్షియాన్ని ఒళ్లు ఎముకల్లోంచి లాక్కుంటుంది. అలాగని వండిన ఎముకలు వేయకండి, అవి సూదుల్లా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఇంటి వంటే పెడతానంటే పశువైద్యుడితో కొలతలు, సప్లిమెంట్లు రాయించుకోండి. అంత ఓపిక లేకపోతే, ‘ఎదిగిన కుక్కలకు సంపూర్ణ ఆహారం’ అని రాసి ఉన్న ప్యాకెట్ తీసుకుని, వంటింటి త్రాసు మీద తూచి వేయండి. మగ్గుతో కొలిస్తే చేతిని బట్టి మారుతుంది.

ధాన్యం లేనిది మాత్రం వద్దు, దానికి ధాన్యం అలర్జీ అని తేలితే తప్ప. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు కాపీలు తోడేలుకు రెండే ఉంటే, కుక్కలకు చాలా ఎక్కువ ఉంటాయి. పప్పుదినుసులు దట్టించిన కొన్ని ధాన్యరహిత తిళ్లకూ గుండె జబ్బుకూ సంబంధం ఉందేమోనని 2018 నుంచి అమెరికా అధికారులు పరిశీలించారు. అది తేలలేదు గానీ, అవసరం లేని రిస్కు ఎందుకు? ఏ తిండికి మార్చినా వారం, పది రోజులు పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి.

వారానికి 350 నుంచి 700 గ్రాములు తగ్గితే చాలు. అంటే రెండున్నర నుంచి ఐదు నెలల పని. మధ్యమధ్య పక్కటెముకల మీద చెయ్యి వేసి చూడండి. చాచిన చేతి వెనక తడిమితే వేళ్ల ఎముకలు ఎలా తగులుతాయో, అలా తగలాలి. ఇప్పుడు బహుశా అరచేతిలా మెత్తగా ఉంటుంది.

జాడీలో ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ, చాక్లెట్, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్ లాంటివి కనబడితే బరువు సంగతి తర్వాత, వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. లేదంటే వారం రోజులు చూసి, ఏమేం పడ్డాయో నాకు రాయండి. టాబ్లెట్ చీజ్ మర్చిపోకండి.