కాళ్ల వాపు, నల్లబడ్డ చర్మం, ఎర్ర చుక్కలు.. బోదకాలేనా?

ప్రశ్న: మా బాపుకు 58 ఏళ్లు. మాది నర్సంపేట దగ్గర ఊరు. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా నిలబడి టిఫిన్ బండి నడుపుతారు. రెండు నెలలుగా సాయంత్రమయ్యేసరికి రెండు కాళ్లూ ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. ఎడమ కాలు కాస్త ఎక్కువ. పొద్దున లేచేసరికి తగ్గుతుంది. చీలమండల పైన చర్మం నల్లబడింది, అక్కడక్కడా ఎర్ర చుక్కలు లేచాయి. బీపీకి ఆమ్లోడిపిన్ 10 ఎంజీ వాడుతున్నారు. మోకాళ్ల నొప్పికి రోజూ డైక్లోఫెనాక్ మింగుతారు. ఊళ్లో నీరు తీసే మాత్ర ఇస్తే నాలుగు రోజులు తగ్గి మళ్లీ వచ్చింది. ఇది బోదకాలేనా?
- ఓ పాఠకుడు

డాక్టర్ సలహా: వరంగల్ వైపు బోదకాలు కొత్తేమీ కాదు కాబట్టి మీకు ఆ అనుమానం రావడం సహజమే. అయితే ముదిరిన బోదకాలు రాత్రి పడుకుంటే తగ్గదు. చర్మం మందంగా, గరుకుగా మారుతుంది. మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలితో ఐదారు సెకన్లు నొక్కి చూడండి. సొట్ట పడి కాసేపు అలాగే ఉంటే లోపల నీరు చేరినట్టు. బోదకాలు తొలిదశలోనూ సొట్ట పడొచ్చు కనుక, అవసరమైతే రాత్రి పూట రక్తపరీక్ష చేస్తారు. మీరు రాసినదాన్ని బట్టి నాకు ముందు అనుమానం కాళ్ల సిరల మీద, ఆ తర్వాత ఆమ్లోడిపిన్, డైక్లోఫెనాక్ మాత్రల మీద.

కాళ్లలోకి దిగిన రక్తం మళ్లీ పైకెక్కాలంటే పిక్క కండరం పిండాలి. ఎక్కిన రక్తం కిందికి జారకుండా సిరల్లోని కవాటాలు ఆపాలి. పొయ్యి ముందు గంటల తరబడి ఒకేచోట నిలబడితే పిక్క కదలదు, వేడికి చర్మంలోని నాళాలు ఇంకా వెడల్పవుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ కవాటాలు వదులై రక్తం సిరల్లోనే నిలిచిపోతుంది. ఆ ఒత్తిడికి సన్నని నాళాల గోడల్లోంచి నీరు బయటికి ఊరుతుంది. అదే వాపు. ఒత్తిడి ఇంకా పెరిగితే ఎర్ర రక్తకణాలు కూడా బయటపడతాయి. మీరు చూసిన చుక్కలు అవే కావొచ్చు. గాజు గ్లాసు ఆనించి నొక్కినా చుక్క పోకపోతే రక్తం చర్మంలోకి వచ్చిందని అర్థం. బయటపడ్డ కణాలు చితికి, వాటిలోని ఇనుము అక్కడే మిగిలి చర్మాన్ని గోధుమ రంగు నుంచి నలుపుకు తిప్పుతుంది. దీన్ని ఇలాగే వదిలేస్తే లోపలి చీలమండ పైన పుండు పడొచ్చు. అది మానడానికి నెలలు పట్టొచ్చు.

ఇక మాత్రల సంగతి. ఆమ్లోడిపిన్ చిన్న ధమనులను విప్పుతుంది గానీ సిరలను అంతగా విప్పదు. వచ్చే రక్తం ఎక్కువై, పోయే దారి అంతే ఉండటంతో కాళ్లు ఉబ్బుతాయి. 10 ఎంజీ మోతాదులో ఇది బాగా కనిపిస్తుంది. నీరు తీసే మాత్రకు ఈ వాపు పెద్దగా లొంగదు. బీపీ మందు మీ అంతట మీరు ఆపకండి. మోతాదు తగ్గించాలా, మందు మార్చాలా అన్నది డాక్టరు చెప్పాలి. డైక్లోఫెనాక్ మాత్రం ఇవాళే మానిపించండి. అది కిడ్నీల చేత ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది, బీపీ పెంచుతుంది, కడుపులో పుండు చేసి రక్తం కారేలా చేస్తుంది. మలం తారులా నల్లగా వస్తే అది రక్తస్రావమే అనుకోవాలి (ఐరన్ మాత్రలు వాడినా నల్లగానే వస్తుంది, అది వేరు). డైక్లోఫెనాక్‌కు నీరు తీసే మాత్ర తోడైతే కిడ్నీకి రెండువైపులా దెబ్బ. నీరు తీసే మాత్ర వల్ల పొటాషియం పడిపోతే కండరాలు పట్టేస్తాయి, గుండె లయ తప్పుతుంది. పరీక్ష లేకుండా ఆ మాత్ర ఇవ్వడం నాకు అసలు నచ్చదు.

రెండు కాళ్లూ ఉబ్బాయి కాబట్టి గుండె, కిడ్నీ, కాలేయం చూడకుండా సిరల మీదికి తోసేయకూడదు. పడుకుంటే ఆయాసం వచ్చి రెండు దిండ్లు కావాలంటే గుండె. పొద్దున ముఖం ఉబ్బి, మూత్రం నురగ కడితే కిడ్నీ. పొట్ట పెరిగి కళ్లు పచ్చబడితే కాలేయం. మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్, పొటాషియం, ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్, డెసిలీటరుకు 3.5 గ్రాముల కన్నా తక్కువుందేమో), కాలేయ పరీక్షలు, థైరాయిడ్, ప్లేట్‌లెట్లతో కూడిన రక్తపరీక్ష, ఈసీజీ, టూడీ ఎకో, కాలి సిరలకు డాప్లర్ స్కాన్ చేయించండి.

ఈలోగా అరగంటకోసారి మడమలు 20 సార్లు ఎత్తి దించమనండి. పిండి రుబ్బడం, చట్నీ తాలింపు లాంటి పనులు స్టూలు మీద కూర్చునే చేయొచ్చు. ఆయాసం లేకుంటే, రోజుకు మూడుసార్లు గుండె కన్నా ఎత్తున కాళ్లు పెట్టి అరగంట పడుకోవాలి. ఉప్పు రోజంతా కలిపి ఒక చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. ఆవకాయ, అప్పడాల్లోదీ ఈ లెక్కలోకే వస్తుంది. సాగే మేజోళ్లు (కంప్రెషన్ స్టాకింగ్స్) పాదంలో నాడి సరిగా ఉందని డాక్టరు చూశాకే, పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి. నల్లబడ్డ చోట కొబ్బరినూనె రాయండి. పసర్లు, బామ్‌లు వద్దు. రోజూ పొద్దున బరువు చూసి రాయండి. రెండు మూడు లీటర్లు చేరాక గానీ వాపు కంటికి ఆనదు, తూకం ముందే చెబుతుంది.

ఎడమ కాలు గురించి ఒక మాట. మోకాలి చిప్ప కింద ఉబ్బెత్తు ఎముక నుంచి కిందికి పది సెంటీమీటర్లు కొలిచి, అక్కడ రెండు పిక్కల చుట్టుకొలత టేపుతో చూడండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే, లేదా పిక్క హఠాత్తుగా నొప్పిగా, వేడిగా అయితే సిరలో రక్తం గడ్డ ఉండొచ్చు. అప్పుడు మర్దన చేయకుండా అదే రోజు వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. దానికి తోడు ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, చుక్కలు చేతులకు, పొట్టకు పాకినా అది ఈ సిరల గొడవ కాదు, ఆ రోజే ప్లేట్‌లెట్లు చూపించాలి.